ఒక్క గది, ఒక్క కంప్యూటర్, నాలుగు వేలు: గేమింగ్‌కి చిన్న వైర్‌లెస్ మెకానికల్ కీబోర్డ్ కొనొచ్చా?

ఈ ఎపిసోడ్ ఒక కామెంట్‌కి జవాబు. ముందు ఆ కామెంట్ ఉన్నది ఉన్నట్టు చదువుతా.

"అన్నా, మాది గౌలిపుర. డెలివరీ చేసుకుంట నాలుగు వేలు పక్కకు పెట్టిన. గేమింగ్‌కి చిన్న వైర్‌లెస్ మెకానికల్ కీబోర్డ్ ఏది తీసుకోవాలె? ఇంట్ల ఒక్కటే కంప్యూటర్. పొద్దున అక్క దాని మీద ఛత్తా బజార్ షాపులకి పెండ్లి కార్డులు చేస్తది. రాత్రి నేను వాలరెంట్ ఆడత. ఉన్న కీబోర్డ్‌కి స్పేస్ బార్ పోయింది. ఒక్కటే రూం అన్నా, అందరం అండ్లనే పండుకుంటం."

దీని కింద రిప్లైలు ఎన్నో. "ఆర్‌కే61 తీస్కో భాయ్, ఆంఖ్ బంద్ కర్‌కే." "కీక్రాన్ తప్ప ఏదీ వద్దు." "రేజర్ లేకపోతే గేమింగే కాదు." ఒక్కరు కూడా అక్క గురించి అడగలేదు. నాలుగు వేలు అంటే ఆ తమ్ముడికి ఎన్ని ట్రిప్పులో, ఎండలో ఎన్ని సిగ్నళ్లో మీరే లెక్కేసుకోండి. తప్పు కీబోర్డ్ వస్తే అతనికి ర్యాంక్ పోతుంది, అంతే. అక్కకైతే పని ఆగిపోతుంది. కాబట్టి కొంచెం నింపాదిగా చూద్దాం.

మొదటి మాట, వైర్‌లెస్. ఈ ఒక్క పదం కింద రెండు వేరు వేరు వస్తువులు అమ్ముతున్నారు. ఒకటి బ్లూటూత్. రెండోది చిన్న డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్. డబ్బా మీద రెండిటికీ 'వైర్‌లెస్' అనే ఉంటుంది. గేమింగ్ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ ఒకటి కాదు.

కీబోర్డ్ కంప్యూటర్‌కి సెకనుకి ఎన్నిసార్లు రిపోర్ట్ పంపగలదో దాన్ని పోలింగ్ రేట్ అంటారు. వైర్ పెట్టినా, మంచి డాంగిల్ పెట్టినా 1000 హెర్ట్జ్ వస్తుంది. అంటే ప్రతి 1 మిల్లీసెకనుకి ఒకసారి. బ్లూటూత్‌లో సాధారణంగా 125 దగ్గర ఆగుతుంది, అంటే 8 మిల్లీసెకన్లు. కీక్రాన్ కె6 ప్రో తీసుకోండి. వైర్‌లో 1000, బ్లూటూత్‌లో 90 హెర్ట్జ్ అని కంపెనీయే రాసి పెట్టింది. 90 అంటే ఒక్కో రిపోర్ట్‌కి మధ్య 11 మిల్లీసెకన్లు. అది దాచిన విషయమేమీ కాదు, చదవాల్సింది మనమే. అది కోడ్ రాసేవాళ్లకి, ఆఫీస్ వాళ్లకి చక్కటి కీబోర్డ్. వైర్‌లెస్‌గా షూటింగ్ గేమ్ ఆడడానికి మాత్రం కాదు.

ఇప్పుడు ఇంకో వైపు కూడా చూడాలి. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌దా? మన దగ్గర సెకండ్ హ్యాండ్ సెట్లలో ఎక్కువ అదే. అయితే తెర మీద కొత్త బొమ్మ వచ్చేదే 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి. వాలరెంట్ సర్వర్ 128 టిక్, అంటే దాదాపు 8 మిల్లీసెకన్లకి ఒకసారి లెక్క చూసుకుంటుంది. దాని మీద మీ ఇంటి నుంచి ముంబై సర్వర్‌కి పోయి వచ్చే పింగ్. ఇవన్నీ ఉన్నప్పుడు వైర్‌కి, డాంగిల్‌కి మధ్య తేడా మీ వేలికి తెలిసే ఛాన్సే లేదు. అలాగే 8000 హెర్ట్జ్ పోలింగ్ అని పెద్ద అక్షరాలతో అమ్మే బోర్డుకి ఇంకో రెండు వేలు ఎక్కువ పెట్టడం కూడా అవసరం లేదు.

మరి బ్లూటూత్‌తో వచ్చే అసలు ఇబ్బంది ఏంటి? ఆలస్యం కంటే కూడా, నిలకడ లేకపోవడం. దీన్ని మీరే ఇంట్లో చూసుకోవచ్చు, ఏ మిషనూ అక్కర్లేదు, చేతిలో ఫోన్ చాలు. ఫోన్ కెమెరాలో స్లో మోషన్ 240 ఫ్రేమ్స్‌లో పెట్టండి. ఒక్కో ఫ్రేమ్ సుమారు 4 మిల్లీసెకన్లు. వేలు, తెర రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా ఫోన్ నిలబెట్టండి. గేమ్‌లో ట్రైనింగ్ మోడ్‌కి వెళ్లి జంప్ కొట్టండి. కీ కిందకి వెళ్లిన ఫ్రేమ్ నుంచి తెర మీద మనిషి కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఒక్కసారి చేసి ఆపొద్దు, ఇరవై సార్లు చేయండి. వైర్‌తో ఇరవై, డాంగిల్‌తో ఇరవై, బ్లూటూత్‌తో ఇరవై. అదే కంప్యూటర్, అదే తెర ఉంచండి, మారేది కనెక్షన్ ఒక్కటే.

నేను ఒక ఫ్రెండ్ దగ్గర తెచ్చిన 61 కీల బోర్డుతో ఇది చేశా. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకంటే అలాంటి డిజైనే వేరే వేరే పేర్లతో కూడా దొరుకుతుంది. వైర్‌లో, డాంగిల్‌లో లెక్కలు పక్కపక్కనే పడ్డాయి. బ్లూటూత్‌లో ఒకసారి దగ్గరగా, ఒకసారి బాగా దూరంగా. ఎప్పుడూ ఒకేలా లేట్ అయితే చెయ్యి దానికి అలవాటు పడుతుంది. ఒకసారి ఇలా, ఒకసారి అలా అయితే అలవాటు పడేదానికే ఉండదు. గేమ్‌లో మనం "అరే, నొక్కిన కదా భయ్!" అనేది అందుకే.

సో, రూల్ ఒకటే. గేమింగ్‌కి వైర్‌లెస్ అంటే డాంగిల్ ఉండాలి. డబ్బా మీద 'ట్రై మోడ్' అని ఉంటే వైర్, డాంగిల్, బ్లూటూత్ మూడూ ఉన్నట్టు. ఆర్‌కే61లో కూడా డాంగిల్ ఉన్న మోడల్ ఉంది, లేని మోడల్ ఉంది. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. 'ఆర్‌కే61 తీస్కో' అన్న భాయ్ ఏది తీస్కోమన్నాడో మరి.

డాంగిల్ అంటున్నాం కాబట్టి గల్లీ సంగతి. గౌలిపురలోనో, షాలిబండలోనో, మొగల్‌పురాలోనో నిలబడి ఫోన్‌లో వైఫై లిస్ట్ తెరవండి. కింద ఇంటి వాళ్లది, పై ఇంటి వాళ్లది, ఎదురు మేడ మీద వాళ్లది, పక్కన షాపుది. స్క్రోల్ చేస్తూనే ఉంటాం. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు. వీటిలో చాలా రౌటర్లు వాడేది అదే 2.4 గిగాహెర్ట్జ్ గాలి. మీ డాంగిల్, బ్లూటూత్ మౌస్, ఇయర్‌బడ్స్ అన్నీ అక్కడే దూరతాయి. అఫ్జల్‌గంజ్ బ్రిడ్జి మీద సాయంత్రం ఆరింటి ట్రాఫిక్ అనుకోండి.

గచ్చిబౌలిలో విడిగా ఒక గదిలో కూర్చుని రివ్యూ చేసేవాళ్లకి ఈ సమస్య కనపడదు. ఇక్కడ కనపడుతుంది. కీ నొక్కితే అక్షరం రాకపోవడం, లేదా ఒక కీ ఇరుక్కుపోయినట్టు డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ అని మనిషి ముందుకి నడుచుకుంటూ పోవడం. చాలామంది కీబోర్డ్ పాడైందని రిటర్న్ పెట్టేస్తారు.

రిటర్న్ కంటే ముందు ఒక పని చేయండి. సీపీయూ వెనక నీలం రంగు పోర్టులు ఉంటాయి కదా, యూఎస్‌బీ 3. డాంగిల్ అందులో ఉంటే తీసేయండి. యూఎస్‌బీ 3లో డేటా వెళ్లేటప్పుడు పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద ఒక పేపర్ రాశారు. నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్టులో ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి, డాంగిల్‌ని టేబుల్ మీదకి, కీబోర్డ్ పక్కకి తెండి. ఇనప డబ్బా వెనక, గోడ మూలన దాక్కున్న డాంగిల్‌కి, ఎదురుగా కూర్చున్న డాంగిల్‌కి చాలా తేడా ఉంటుంది. మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే ఫోన్లు, టీవీ దాని మీదకి మార్చండి. పక్కింటోళ్ల రౌటర్ మన చేతిలో లేదు, మనదైనా ఉంది.

ఇక కాంపాక్ట్. ఈ ఎపిసోడ్‌లో నేను ఎక్కువసేపు మాట్లాడదామనుకున్నది దీని గురించే.

మామూలు పెద్ద కీబోర్డ్ 104 కీలు, సుమారు 44 సెంటీమీటర్ల వెడల్పు. నంబర్ ప్యాడ్ తీసేస్తే 87 కీలు. ఇంకా దగ్గరికి నొక్కి, పైన ఎఫ్ కీల వరుస, పక్కన బాణం కీలు ఉంచితే 75 శాతం సైజు. ఎఫ్ వరుస కూడా తీసేసి బాణాలు మాత్రం ఉంచితే 65 శాతం, దాదాపు 68 కీలు. బాణాలు కూడా లేకపోతే 60 శాతం, 61 కీలు, సుమారు 29-30 సెంటీమీటర్లు.

గేమింగ్‌లో దీని లాభం నిజమే. చిన్న టేబుల్ మీద పెద్ద కీబోర్డ్ నుంచి చిన్నదానికి మారితే మౌస్‌కి జానెడు దాకా చోటు దొరుకుతుంది. మౌస్ సెన్సిటివిటీ తక్కువ పెట్టుకుని చెయ్యంతా కదిపి ఆడేవాళ్లకి ఆ జానెడు చాలా విలువైంది. నన్నడిగితే, వైర్ తీసేయడం కంటే నంబర్ ప్యాడ్ తీసేయడమే గేమ్‌లో ఎక్కువ ఉపయోగపడుతుంది. పైగా రాత్రి ఆట అయ్యాక బోర్డ్ తీసి అల్మారాలో పెట్టేసి, టేబుల్ గోడకి జరిపి పరుపులు వేసుకోవచ్చు. ఒక్క గది ఇంట్లో అది చిన్న విషయం కాదు.

పోయేది ఏంటి? ఏ గేమ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. వాలరెంట్‌కి 60 శాతం హాయిగా సరిపోతుంది. కావలసిన కీలన్నీ ఎడమ చేతి కిందే ఉంటాయి. మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లకి ఎఫ్3, ఎఫ్5 కావాలి, ప్రతిసారీ ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కాలి. ఇంక క్రికెట్ 07 బ్యాచ్ ఉంది మన దగ్గర. 2006లో వచ్చిన గేమ్, ఇప్పటికీ టీమ్ ప్యాచ్‌లు వేసుకుని ఆడుతూనే ఉన్నారు. బాణం కీలు లేకుండా అందులో బ్యాటింగ్ చేసి చూపించండి, నేను ఒప్పుకుంటా.

ఇప్పుడు ఎవ్వరూ చెప్పని ఒక కీ. పైన ఎడమ మూల, 1 అంకె పక్కన ఉండే చిన్న కీ. టిల్డా కీ. 60 శాతం బోర్డుల్లో ఆ చోటు ఎస్కేప్ కీకి ఇచ్చేస్తారు. కౌంటర్ స్ట్రైక్ వాళ్లకి వెంటనే అర్థమవుతుంది, కన్సోల్ తెరిచేది దానితోనే. కానీ తెలుగు వాళ్లకి ఇంకో లెక్క ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే 1986 నుంచి మన దేశంలో ప్రభుత్వ ప్రమాణంగా ఉన్న లేఅవుట్‌లో, ఆ కీ మీద ఏముందో తెలుసా? మామూలుగా నొక్కితే ఒత్వం, 'కొ'లో వచ్చేది. షిఫ్ట్‌తో నొక్కితే 'ఒ'. అంటే 61 కీల బోర్డ్ మీద ఒక్క చేతి వాటంగా 'ఒకటి' రాదు, 'కొత్త' రాదు, 'పొద్దున' రాదు. ఎఫ్ఎన్ పట్టుకుని ఎస్కేప్ నొక్కాలి, 'ఒ' కావాలంటే దానికి షిఫ్ట్ కూడా కలపాలి. ఒక మెసేజ్‌కి పర్లేదు. రోజంతా టైప్ చేసేవాళ్లకి వేలు తప్పడం ఖాయం.

[కీబోర్డ్ చప్పుడు]

ఇది వినండి, 'పొద్దున' అని టైప్ చేస్తున్నా. ఆగి ఆగి వస్తోంది కదా.

ఇప్పుడు అక్క దగ్గరికి వద్దాం. ఛత్తా బజార్ తెలియనివాళ్ల కోసం, దారుల్షిఫా దగ్గర, పురానీ హవేలీ పక్కన ఉంటుంది. పెళ్లి కార్డుల బజార్. ఒకప్పుడు కాతిబ్‌లు కలం పట్టుకుని చేత్తో ఉర్దూ రాసేవాళ్లు, ఆ రాతనే అచ్చు వేసేవాళ్లు. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఆ పని మెల్లగా కంప్యూటర్‌లోకి వెళ్లిపోయింది. తెలుగు కార్డులకైతే అను ఫాంట్లు. బొమ్మలు, బార్డర్లు, గణపతి, కలశం అన్నీ పేర్చేది ఎక్కువగా కోరెల్‌డ్రాలో.

కోరెల్‌డ్రా చేసేవాళ్ల ఎడమ చెయ్యి ఎక్కడ ఉంటుందో ఎప్పుడైనా చూశారా? ఎఫ్8 కొడితే టెక్స్ట్. ఎఫ్10 కొడితే షేప్ టూల్. ఎఫ్6 చతురస్రం, ఎఫ్7 గుండ్రం. ఎఫ్4 కొడితే పేజీలో ఉన్నదంతా తెర మీదకి వస్తుంది. పెళ్లికూతురి పేరు ఒక వెంట్రుకవాసి ఎడమకి జరపాలంటే బాణం కీ. ఒక బొమ్మని ముందుకి, వెనక్కి తేవాలంటే కంట్రోల్‌తో పేజ్ అప్, పేజ్ డౌన్. ఇప్పుడు ఆ 61 కీల బోర్డ్ తెచ్చి అక్క ముందు పెట్టండి. ఎఫ్8 లేదు. బాణం లేదు. పేజ్ అప్ లేదు. అన్నీ ఎఫ్ఎన్ కిందే దాక్కున్నాయి. ముహూర్తాల సీజన్‌లో, రాత్రి పదింటికి కార్డ్ ప్రెస్‌కి పోవాలి అన్నప్పుడు, ఆమె ఒక్కో పనికి రెండు వేళ్లు వాడుతూ కూర్చుంటుంది.

తమ్ముడూ, నువ్వు రాత్రి రెండు గంటలు ఆడతావ్ అనుకుందాం. అక్క పగలు ఎన్ని గంటలు కూర్చుంటుంది? ఆ కీబోర్డ్ మీద ఎక్కువసేపు ఉండేవి ఎవరి వేళ్లు?

కొందరు ఇక్కడ ఒక ఐడియా ఇస్తారు. అక్కకి ఐదు వందల్లో ఒక మామూలు వైర్ కీబోర్డ్, నీకు మిగతా డబ్బులో 60 శాతం. టెక్నికల్‌గా పని చేస్తుంది. ఒక కంప్యూటర్‌కి రెండు కీబోర్డులు ఒకేసారి పెట్టొచ్చు, ఏం గొడవ లేదు. కానీ లెక్క ఎలా పడిందో చూడండి. సంపాదించే వేళ్లకి ఐదు వందలది, ఆడుకునే వేళ్లకి మూడున్నర వేలది. నాకైతే మనసొప్పట్లేదు. మీ ఇల్లు, మీ ఇష్టం.

ఇక చప్పుడు. అందరం ఒక్క గదిలోనే పడుకుంటాం అన్నాడు. కాబట్టి బ్లూ స్విచ్‌లు వద్దు. ఇందులో చర్చే లేదు. షాపులో టకటక వింటే భలే ఉంటుంది, రాత్రి ఒంటిగంటకి నానమ్మ పక్కన అదే టకటక వింటే బోర్డ్ కిటికీలోంచి బయటికి పోతుంది.

స్విచ్‌లు మూడు రకాలు. క్లిక్కీ, అంటే బ్లూ లాంటివి. టాక్టైల్, బ్రౌన్ లాంటివి, మధ్యలో చిన్న గతుకు తగులుతుంది. లీనియర్, రెడ్ లాంటివి, నున్నగా కిందకి దిగుతాయి. చెర్రీ కంపెనీ ఎంఎక్స్ రెడ్ తీసుకుంటే మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 మిల్లీమీటర్ల దగ్గర కీ నమోదవుతుంది, అందుకు కావలసిన బలం 45 సెంటీన్యూటన్లు. చెర్రీ పేటెంట్ కాలం తీరిపోయాక గేటెరాన్, కైల్, ఔటెము లాంటివాళ్లు అదే ఆకారంలో చేస్తున్నారు. మనకి నాలుగు వేలలో వచ్చేవి ఇవే. చెడ్డవేం కాదు.

రెడ్ అంటే నిశ్శబ్దం అనుకోవద్దు. క్లిక్ ఉండదు, అంతే. కీ అడుక్కి తగిలినప్పుడు డబ్ అంటుంది, స్పేస్ బార్ అయితే ఇంకా ఎక్కువ. ఎందుకంటే దాని కింద స్టెబిలైజర్ అని ఒక తీగ ఉంటుంది, అది వదులుగా ఉంటే గలగలమంటుంది. నిజంగా నిశ్శబ్దం కావాలంటే 'సైలెంట్ లీనియర్' అని ఉంటాయి, లోపల చిన్న రబ్బరు దిండులు ఉంటాయి. ఆ స్విచ్‌లతోనే బోర్డ్ దొరక్కపోతే హాట్ స్వాప్ బోర్డ్ తీసుకోండి, స్విచ్‌లు సోల్డరింగ్ లేకుండా పీకి మార్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. కొన్ని చవక బోర్డుల సాకెట్లలో ఔటెము స్విచ్‌లు తప్ప పట్టవు, వాటి కాళ్లు సన్నగా ఉంటాయి. కొనేముందు అడగండి. ఇదేదీ కుదరకపోతే కీబోర్డ్ కింద నాలుగు మడతల పాత దుప్పటి వేయండి. నవ్వకండి, టేబుల్ డబ్బాలా మోగడం చాలా తగ్గుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఎన్ని కీలు ఒకేసారి నొక్కితే పట్టుకుంటుంది అన్నది, రోల్‌ఓవర్. ఆరు చాలు. షిఫ్ట్, కంట్రోల్ ఆ ఆరులో లెక్కకి రావు. ఒకే కీబోర్డ్ మీద ఇద్దరు కూర్చుని ఫైటింగ్ గేమ్ ఆడే అలవాటు ఉంటే మాత్రం అన్ని కీలూ పట్టుకునేది చూడండి. బ్యాటరీ అంటారా, రంగు లైట్లు ఆపేస్తే చాలా రోజులు వస్తుంది, వేసుకుంటే రాదు. కాసేపు వాడకపోతే వైర్‌లెస్ బోర్డ్ నిద్రపోతుంది, లేపడానికి నొక్కిన మొదటి కీ పోవచ్చు. మ్యాచ్ మొదలయ్యే ముందు ఏదో ఒక కీ నొక్కి లేపుకోండి. స్నాప్ ట్యాప్ అని ఒకటి ఫ్యాషన్ అయింది. ఎడమ, కుడి కీలు రెండూ నొక్కి ఉన్నా చివర నొక్కినదాన్నే తీసుకోవడం. కౌంటర్ స్ట్రైక్ 2లో వాల్వ్ 2024 ఆగస్టులో దాన్ని వద్దంది, అధికారిక సర్వర్లలో వాడితే మ్యాచ్ నుంచి తీసేస్తారు. దానికోసం డబ్బులు పెట్టొద్దు.

ఫోన్‌లోనే ఆడే ఫ్రెండ్స్‌కి ఒక మాట. బ్లూటూత్ కీబోర్డ్ ఫోన్‌కి కలుస్తుంది, మెసేజ్‌లకి, నోట్స్‌కి బాగుంటుంది. బీజీఎంఐ ఆడడానికి మాత్రం కొనొద్దు. కీ మ్యాపింగ్ యాప్‌లు, కన్వర్టర్లు పెట్టి ఆడితే ఖాతా బ్యాన్ అవ్వడానికి అదే దారి.

సరే, గౌలిపుర తమ్ముడికి నా జవాబు. సైజు 75 శాతం. ఎఫ్ కీలు ఉంటాయి, బాణాలు ఉంటాయి, 'ఒ' కీ తన చోట ఉంటుంది, పేజ్ అప్ కూడా చాలావాటిలో ఉంటుంది. వెడల్పు 32 సెంటీమీటర్ల చుట్టుపక్కల, అంటే పెద్దదానితో పోలిస్తే మౌస్‌కి ఇంచుమించు 12 సెంటీమీటర్లు మిగిలినట్టే. స్విచ్ రెడ్ గానీ, సైలెంట్ గానీ. హాట్ స్వాప్. డాంగిల్ ఉన్న ట్రై మోడ్ నాలుగు వేలలో ఆఫర్ రోజుల్లో దొరికితే మంచిదే, తీసుకో.

దొరక్కపోతే? వైర్‌లెస్ వదిలెయ్, కీలు వదలకు. అదే 75 శాతం, వైర్‌ది తీసుకో. నీ కంప్యూటర్ ఎక్కడికీ కదలట్లేదు, టేబుల్ ఒకటే, దూరం రెండు జానలు. వైర్ వేగంలో డాంగిల్ కంటే తక్కువేం కాదు, మీ గల్లీ వైఫైతో దానికి పేచీ లేదు, చార్జింగ్ లేదు. ఊడదీసేలా ఉండే కేబుల్ ఉన్నది చూడు, రాత్రి పీకేసి బోర్డ్ పైన పెట్టుకోవచ్చు. కేబుల్ పాడైతే వేరేది కొనుక్కోవచ్చు కూడా. మిగిలిన డబ్బుతో సైలెంట్ స్విచ్‌లు వచ్చినా రావచ్చు.

మరి కాంపాక్ట్ వైర్‌లెస్ ఎవరికి? హాస్టల్లో ఉండి ల్యాప్‌టాప్‌తో అటూ ఇటూ తిరిగేవాళ్లకి. కెఫెకి సొంత బోర్డ్ పట్టుకుపోయేవాళ్లకి. టీవీకి పీసీ కలిపి మంచం మీద నుంచి ఆడేవాళ్లకి. వాళ్లకి 65 శాతం, డాంగిల్‌తో. డబ్బులకి ఇబ్బంది లేకపోతే రేజర్ బ్లాక్‌విడో వి3 మినీ హైపర్‌స్పీడ్ లాంటివి ఉన్నాయి. 65 శాతం, డాంగిల్, బ్లూటూత్, వైర్ మూడూ ఉన్నాయి. కానీ అది నాలుగు వేల మాట కాదు.

కొనేముందు ఒకసారి చేత్తో నొక్కి చూడండి. ఆన్‌లైన్‌లోనే కొన్నా సరే, ముందు సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్ వైపు, సీటీసీ దగ్గరికి వెళ్లండి. పాతబస్తీ లోపలికి మెట్రో ఇంకా రాలేదు, పనులు జరుగుతున్నాయి. ఎంజీబీఎస్ దాకా ఆటోలో వచ్చి, గ్రీన్ లైన్ ఎక్కితే పరేడ్ గ్రౌండ్, అక్కడ మారితే తర్వాతి స్టేషనే ప్యారడైజ్. షాపులో డెమో బోర్డ్ ఉంటే మొదట స్పేస్ బార్ రెండు చివరలా నొక్కి వినండి. తర్వాత ఎంటర్, బ్యాక్‌స్పేస్. ఇవి గలగలమంటే మిగతావి ఎంత బాగున్నా రాత్రిపూట విసుగొస్తుంది. తమ్ముడూ, కుదిరితే అక్కని తీసుకుపో. ఎఫ్8 ఎక్కడుందో, బాణాలు వేలికి అందుతున్నాయో ఆమె అర నిమిషంలో చెప్పేస్తుంది.

డబ్బా తిప్పి వెనక చూడండి. వైర్‌లెస్ కీబోర్డులు మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు, 2012 ఆర్డర్‌లో మొదటి లిస్ట్‌లోనే ఇవి ఉన్నాయి. 'ఆర్' అక్షరంతో మొదలయ్యే ఒక నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో వస్తుంది. లోపల లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు, పిల్లలు పడుకునే గదిలో చార్జింగ్ పెడతాం, కాబట్టి ఈ నిమిషం పని మానొద్దు. బిల్లు లేకుండా మూడు వందలు తగ్గిస్తా అంటే నక్కో భాయ్ అని చెప్పండి, రేపు వారంటీకి ఆ కాగితమే అడుగుతారు.

స్లో మోషన్ టెస్ట్ చేసినవాళ్లు మీ లెక్కలు కామెంట్‌లో పెట్టండి. ఏ కనెక్షన్, మానిటర్ ఎన్ని హెర్ట్జ్, ఏ గల్లీ, ఈ మూడూ రాయండి. ఒక యాభై వస్తే వాటితోనే ఒక ఎపిసోడ్ చేస్తా. వచ్చే వారం మూడు వేల లోపు మౌస్‌లు. ఉంటా మరి, బై.